టచ్‌ప్యాడ్ మీద బొట్టు

నా తోడికోడలి లాప్‌టాప్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చీరలు చూసి కుళ్లుకునేవాళ్లున్నారు, నగలు చూసి కుళ్లుకునేవాళ్లున్నారు. నా కుళ్లు మాత్రం కీబోర్డు మీద. మా ఇద్దరివీ ఒకే కంపెనీ, ఒకే రంగు. మా ఆయనా, మా మరిదీ కలిసి ఆదోనిలో ఒకే షాపులో, ఒకే రోజు కొన్నారు. ఇప్పుడు పక్కపక్కన పెడితే ఆమెది పెళ్లికూతురు, నాది బాలింత.

నేను ఇంట్లో కూర్చుని ప్రింటింగ్ ప్రెస్సుకు పెళ్లి పత్రికలు, కరపత్రాలు టైపు చేస్తాను. ముహూర్తాల నెలల్లో అన్నం తినడానికి కూడా తీరిక దొరకదు. అందుకే నా కీబోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. స్పేస్ బార్ మీద బొటనవేలు పడే చోట నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. టచ్‌ప్యాడ్ నడుమ పైపూత లేచిపోయి బట్టతల పడింది. దానికి అటూ ఇటూ నా గాజులు గీసిన గీతలు. ఎమ్మిగనూరులో ఉండే మా తోడికోడలు ఏం చేస్తుంది? జాకెట్ల డిజైన్లు చూసుకుంటుంది. పిల్లలు ఆటలాడుకుంటారు. ఆ తర్వాత, డబ్బాలో వచ్చిన పల్చటి తెల్లగుడ్డను కీబోర్డు మీద పరిచి మరీ మూత వేస్తుంది. ఒకసారి మా ఇంటికొచ్చి నాదాన్ని వేలితో తడిమి, "అక్కా, ఇది సెకండ్ హ్యాండుదా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వే నాకు కారం రాసినట్టయింది.

దసరా ముందు ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి మా అత్త ఫోన్ చేసింది. ఆమె జన్మంతా చేలల్లో కూలి చేసిన మనిషి. ఆయుధపూజకు ఏటా ఆమె కొడవలికే మొదటి బొట్టు. మొదటి బొట్టు పడిన పనిముట్టు ఎవరిదైతే వాళ్లు ఆ రోజు హారతిస్తారు, ఏడాదంతా ఇంట్లో వాళ్ల మాట చెల్లుతుంది. "నా కొడవలి ఇంక పనికి పోయేది ల్యా. ఈయేడు మొదటి బొట్టు మీ ఇద్దర్లో ఒకరికి. మీ కంప్యూటర్లు తీస్కోని రాండి, అవీ పనిముట్లే గదా" అంది.

ఇంకేముంది! ఆ బొట్టు నాకే కావాలి. పెద్దకోడల్ని, సంపాదించేదాన్ని, నాకు కాక ఎవరికి? కానీ ఈ బట్టతల వేసుకుని ఆ పెళ్లికూతురు పక్కన ఎట్లా పెట్టేది? పళ్లపొడితో రుద్దాను. మెరుపు పోలేదు సరికదా, పొడంతా కీల సందుల్లో ఇరుక్కుంది. చివరికి ఆదోని బజారులో రిపేరు షాపుకు పట్టుకుపోయాను.

"ఇది మురికి కాదక్కా, అరుగుడు. మురికైతే పోతాది, అరిగిపోయిందాన్ని యాడ నుంచి తెచ్చేది?" అన్నాడు షాపతను. "కావాలంటే పైన కప్పేస్తా."

కప్పమన్నాను. కీల మీద కొత్త అక్షరాల స్టిక్కర్లు, టచ్‌ప్యాడ్‌కూ దాని పక్కలకూ పువ్వుల స్టిక్కరు. ఒక్క గీత కనబడితే ఒట్టు.

పండగ రోజు మా తోడికోడలు చూసి నోరు వెళ్లబెట్టింది. "అక్కా, కొత్తది కొన్యావా?" నేను అవుననలేదు, కాదనలేదు. కడుపు చల్లగా అయింది.

మగవాళ్లు బయట దేవరగట్టు కర్రల సమరం కబుర్లలో ఉన్నారు. అత్త పీట మీద కూర్చుని పనిముట్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. పార కర్ర, గడ్డపార, కొడవలి పిడి, అన్నింటినీ బొటనవేలితో తడిమి, బాగా అరిగినదాన్ని ముందు వరసలో, అరగనిదాన్ని వెనక పెడుతోంది. ఇన్నేళ్లూ ఆమె కొడవలికి మొదటి బొట్టు పెద్దరికం కొద్దీ అనుకున్నాను. పిడి మీద ఆమె వేలు పట్టే చోట పడిన గుంతను అప్పుడే చూశాను. నా పువ్వుల స్టిక్కరు గుర్తొచ్చింది.

అత్త నా పువ్వుల మీద వేలు పెట్టింది. "ఏమే, దీంతో ఏం పని సేసినావు? ఒక్క గుర్తూ ల్యా" అని వెనక్కి జరిపింది. తోడికోడలిది తీసుకుంది. "ఈ మీట సూడు, రవ్వంత నునుపు దేలింది. దీనికి పని తగిలింది" అంటూ పసుపూ కుంకుమా పెట్టేసింది.

అది వాళ్ల పిల్లలు ఆటల్లో బాదిన మీట! నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ నా లాప్‌టాప్ లాక్కుని స్టిక్కరు గోళ్లతో పీకేశాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది. "చూడండత్తా, నా పని చూడండి!" అని అరిచాను.

అత్త ఆ బట్టతలను తడిమింది. గాజుల గీతలను తడిమింది. "ఇంత కష్టం కనపడకుండ కప్పెట్టుకున్యావేమే, పిచ్చిదానా! పెట్టిన బొట్టు ఎనక్కి తీస్కునేది ల్యా" అంది. తడిపసుపు వేలినిండా తీసుకుని, టచ్‌ప్యాడ్ నడుమ గట్టిగా అదిమి, దాని మీద కుంకుమ పెట్టింది. హారతి మాత్రం తోడికోడలే ఇచ్చింది. నేను పళ్లు నూరుకుంటూ కళ్లకద్దుకున్నాను.

పండగ పోయాక ఆమె ఫోన్ చేసింది. "అక్కా, నాది అట్ల తుడ్చినానో లేదో బొట్టంతా పోయింది. నీది ఉండాదా?"

నా టచ్‌ప్యాడ్ వైపు చూశాను. పూత లేచిన చోట పసుపు లోపలికి దిగిపోయింది. స్పిరిటు పెట్టి తుడిచినా పోలేదు.

"ఉంది" అన్నాను.

"ఫొటో పెట్టక్కా, సూస్తా." ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు చెప్పాల్నా? అది నా రోగమే.

కిటికీ దగ్గరికి తీసుకుపోయి, గాజుల గీతలు కూడా పడేటట్టు ఫొటో తీసి పెట్టాను. ఆమె వెంటనే చూసింది. మొదటి బొట్టు ఆమెదే, కాదనను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, పోయి ఆ పసుపు మరక మీద వేలు పెట్టుకుంటాను.