పని లాక్కునే అత్తయ్య

మా అత్తయ్యకి జీవితంలో చేతకానిది ఒక్కటే, ఇంకొకరి చేత పని చేయించుకోవడం. ఎదురుగా ఎవరైనా తుడుస్తున్నా, మోస్తున్నా, మడతపెడుతున్నా ఆవిడ కాసేపు ఓర్చుకుంటుంది. కాసేపంటే మీరు రెప్ప వేసేంత. ఆ తర్వాత పని ఆవిడ చేతిలో ఉంటుంది, ఆ మనిషి పక్కన నిలబడి చేతులు నలుపుకుంటూ ఉంటాడు.

పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదికి ముప్ఫై నాలుగేళ్లు అధికారిగా ఉంది. రోజుకి ఆరువందల దుప్పట్లు ఉతికించి, ఆరవేయించి, ఇస్త్రీ చేయించేది. చేయించేది అన్నానా? పొరపాటు, చేసేది. ఆవిడ కింద పన్నెండుమంది ఉండేవారు. వాళ్లంతా ఒంటికి సుఖంగా, మనసుకి బెంగగా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆవిడ పరిచిన పక్క ఎంత బిగువుగా ఉంటుందంటే, అందులో పడుకోవాలంటే కవర్లోకి ఉత్తరం దూరినట్టు దూరాలి.

ఒకసారి మా వీధి చివర హోటలుకి తీసుకెళ్లాను. తిన్న పళ్లేలు పేర్చింది, బల్ల తుడిచింది, అన్నీ వంటగదిలోకి మోసుకెళ్లింది. ఎంతకీ రాదేమిటా అని వెళ్లి చూస్తే హోటలు యజమాని ఆవిడ మీద కేకలేస్తున్నాడు.

“కొత్తగా చేరావా? నాలుగో బల్ల ఎవరు తుడుస్తారు?”

“తుడుస్తున్నా బాబూ, ఒక్క నిమిషం,” అంటోంది అత్తయ్య, తప్పు తనదే అయినట్టు.

వచ్చేటప్పుడు నేను టిప్పు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. “ఎందుకురా? పనంతా నేనేగా చేశాను!”

నేను పూర్తిగా అవతలి జాతి. మంచినీళ్లు చేతికందేంత దూరంలో లేకపోతే దాహాన్ని వాయిదా వేసుకునే మనిషిని. నీళ్ల మోటార్లు బాగా అమ్మానని మా కంపెనీవాళ్లు ఇద్దరికి వారం రోజుల ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చినప్పుడు, ఆ ఏడు రోజులూ మంచం దిగకూడదని నిశ్చయించుకున్నాను. మా ఆవిడకి బకెట్లో నీళ్లు కదిలినా కళ్లు తిరుగుతాయి. “మీ అత్తయ్యని తీసుకెళ్లండి. పాపం, జన్మలో ఒక్కసారైనా ఊరికే కూర్చుంటారు,” అంది. మా ఆవిడ జోస్యాలు ఎప్పుడూ ఇంతే.

ఆ ఓడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆవలింత వస్తుంది. మెత్తటి తివాచీ పరిచిన పొడుగాటి నడవలు, ఇరువైపులా ఒకేలాంటి తలుపులు, ఏ తలుపు తీసినా చివర్న నీలం. కాళ్ల కింద నేల ఉండీ లేనట్టు మెల్లగా ఊగేది. ఆ ఊపులో నాకు నిద్రకీ మెలకువకీ తేడా పోయింది. ఆ వారంలో ఏది చూశానో, ఏది కలగన్నానో సగం సంగతులు ఇప్పటికీ తేల్చుకోలేను.

మా గదికి చిన్న బాల్కనీ, అందులో ఒక పడక కుర్చీ, దాని ముందు సముద్రం. గది శుభ్రం చేసే అతను నలభై దాటిన మనిషి, మీసం అక్కడక్కడా నెరిసింది. తువాళ్లు మడిచి హంసలు చేసి మంచం మీద పెట్టేవాడు. అందుకని మేం హంసలాయన అనుకునేవాళ్లం. మా గదితో కలిపి పద్దెనిమిది గదులు అతని వంతు.

మొదటి ఉదయం హంసలాయన తలుపు తట్టి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. అత్తయ్య బాత్రూం గోడలు కూడా కడిగేసింది. రాత్రి అతను పెట్టి వెళ్లిన హంసని విప్పి, దులిపి, నాలుగు మడతలు వేసి బీరువాలో పెట్టేసింది.

“అమ్మా, మరి నేనేం చేయను?” అన్నాడు దీనంగా.

“కూర్చో నాయనా. పొద్దున్నించి ఎన్ని గదులయ్యాయి?”

“కూర్చోకూడదమ్మా. రూలు.”

రెండో రోజు అతను గంట ముందొచ్చాడు. అత్తయ్య గంటన్నర ముందు లేచింది. మూడో రోజు మేం టిఫినుకి వెళ్లడం చూసి గదిలో దూరాడు. అత్తయ్య ఎలా పసిగట్టిందో, నోట్లో రొట్టెముక్క నమలడం పూర్తికాకుండానే పరిగెత్తుకొచ్చి అతని చేతిలోంచి చెత్త సంచీ లాగేసుకుంది. “అమ్మా, మీకు దణ్ణం పెడతాను, నా పని నన్ను చేసుకోనివ్వండి,” అని అతను. “నీ నడుం చూశావా, వంగితే లేవలేకపోతున్నావు,” అని ఆవిడ. నేను తలుపు దగ్గర నిలబడి, ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు పక్క సిద్ధంగా ఉంటుంది కదా అని సంతోషించాను.

నాలుగో రోజు గొడవ వినపడలేదు. పాపం, ఓడిపోయాడనుకున్నాను. ఆ ఉదయమే నాకొక కల వచ్చింది. బాల్కనీ కుర్చీలో తెల్లటి యూనిఫారం వేసుకున్న మనిషెవరో వెనక్కి వాలి ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాడు. గాలికి తెర లోపలికీ బయటికీ ఊగుతోంది, తెర పక్కకి తప్పుకున్నప్పుడల్లా ఆ మనిషీ, అతని ముందు సముద్రమూ కనిపిస్తున్నాయి. గదిలో ఎవరో చప్పుడు కాకుండా దిండు గలీబులు మారుస్తున్నారు. తర్వాత నన్ను ఆసుపత్రి పద్ధతిలో అటు దొర్లించి, ఇటు దొర్లించి, నా కింద దుప్పటి కూడా మార్చేశారు. చాలా మంచి కల. అయిదో రోజు కూడా అదే వచ్చింది.

ఆ అయిదో రోజు సాయంత్రమే భోజనాల దగ్గర యుద్ధం మొదలైంది. మా బల్ల దగ్గర ఒక బట్టల వ్యాపారి, మా పక్క గదిలోనే దిగిన పళ్ల డాక్టరమ్మ కూర్చునేవారు. ఆ ఓడలో తలకి రోజుకింత అని టిప్పు వాళ్లే మన బిల్లులో వేసేస్తారు. ఇష్టం లేకపోతే కౌంటరుకెళ్లి తీయించుకోవచ్చు.

“అడక్కుండా వేస్తే అది టిప్పెలా అవుతుందండీ, పన్నవుతుంది గానీ!” అన్నాడు వ్యాపారి. “జీతం ఇవ్వాల్సింది ఓడ యజమాని. నా కొట్లో గుమాస్తాలకి కొనేవాళ్లొచ్చి జీతాలిస్తున్నారా?”

“మీ గుమాస్తాలు నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా కొట్లోనే పడుకుంటున్నారా?” అంది డాక్టరమ్మ. “వీళ్ల సంపాదనలో సగం పైన ఇదేనట.”

“సరే, ఇద్దాం. మన గది తుడిచినవాడికే అందుతుందని ఏమిటి నమ్మకం? అంతా ఒకచోట పోసి పంచుతారు. మనవాడికి దక్కేది చిటికెడు.”

అంతవరకూ అత్తయ్య వడ్డించేవాడి చేతిలో గరిటె వంక ఆశగా చూస్తోంది. ఆ మాటకి తలెత్తింది. “చిటికెడేనా?” అంది.

మర్నాడు పొద్దున్నే కౌంటరు ముందు నిలబడింది. వెనక ఆవలిస్తూ నేను.

“మా ఇద్దరి టిప్పూ తీసేయమ్మా,” అంది. తీయించి, ఆ మొత్తం తీసుకెళ్లి హంసలాయన చేతిలో పెట్టాలని ఆవిడ ఎత్తు. అది కౌంటరమ్మాయికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

కౌంటరమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. కారణం రాయాలిట. అత్తయ్య బుద్ధెరిగాక ఎన్నడూ అబద్ధం రాయలేదు. గుండ్రటి అక్షరాలతో, ‘గది పని అంతా నేనే చేసుకున్నాను,’ అని రాసి, నాకు చదివి వినిపించి, “బాగుందా?” అంది.

“చాలా బాగుంది,” అన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం తలుపు తట్టింది హంసలాయన కాదు, గదుల మేనేజరు. ఒక చేతిలో ఆ కాగితం, ఇంకో చేతిలో పళ్లబుట్ట.

“క్షమించాలమ్మా. మీకు చాలా ఇబ్బంది కలిగింది. అతన్ని దింపేస్తున్నాం.”

“ఎవర్ని?”

“మీ గది పని చేయని మనిషిని. రేపటితో అతని ఒప్పందం అయిపోతుంది, మళ్లీ రాయాలి. ఇక రాయం. ఈ పళ్లు మా తరఫున.”

అత్తయ్య ముఖం పాలిపోయింది. ఇద్దరు పిల్లల చదువులు ఆ ఒప్పందం మీదే నడుస్తున్నాయని హంసలాయన ఆవిడకి చెప్పాడట. నాకు అప్పుడే తెలిసింది.

“జన్మంతా అందరి పనులూ లాక్కున్నాను గానీ ఎవరి పొట్టా కొట్టలేదురా,” అంది. మంచం అంచున కూర్చుండిపోయింది. పట్టపగలు ఆవిడ మంచం మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, నా నిద్ర మొత్తం వదిలిపోయింది.

మేనేజరు వెనకే ఆయన ఆఫీసుకి వెళ్లాం. కూర్చోగానే అత్తయ్య అందుకుంది. “తప్పు నాదే బాబూ. అతను మంచివాడు. నాకే ఒక జబ్బుంది, ఎవరైనా పని చేస్తుంటే చూడలేను.”

“ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానమ్మా. జాలిపడి ఇలా చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. సరే, మీరు పని చేస్తుంటే అతనేం చేస్తున్నాడు?”

అత్తయ్య చూపు తిప్పుకుని గోడ వంక చూసింది.

“నన్ను ఆపాలని చూశాడు,” అంది చివరికి. “నన్ను ఆపడం కూడా పనే బాబూ. మా ఇంట్లో ఏడుగురికి చేతకాలేదు.”

“ఇది నన్ను నమ్మమంటారా?”

“ఒక్కసారి మీ బల్ల చూసుకోండి సార్,” అన్నాను నేను.

చూసుకున్నాడు. మాటల మధ్యలో అత్తయ్య చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కాగితాలన్నీ సైజుల వారీగా పేర్చి ఉన్నాయి. కలాలన్నీ ఒకే వైపు తలలు పెట్టుకుని పడుకున్నాయి. బల్ల మీది టీ మరక మాయమైంది. కుర్చీకి తగిలించిన ఆయన కోటు ఇప్పుడు అత్తయ్య ఒళ్లో ఉంది, ఊడిన గుండీ సగం కుట్టి ఉంది. సూదీ దారం ఎక్కణ్ణించి వచ్చాయో నాకూ తెలీదు.

మేనేజరు కోటు వంకా, అత్తయ్య వంకా మార్చి మార్చి చూశాడు. “ఇది ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు, నాడి పట్టుకున్న డాక్టరులా.

“పుట్టినప్పటి నుంచండీ.”

ఒక్కటే దారి ఉందన్నాడు. రేపు పొద్దున హంసలాయన మా గది పని మొదటి నుంచి చివరిదాకా చేయాలి. తను నిలబడి చూస్తాడు. అత్తయ్య వేలు కదపకూడదు. అంతా అయ్యాక ‘పూర్తి సేవ అందింది’ అని సంతకం పెట్టాలి. “మీరు లేచారో, ఒప్పందం లేదు,” అన్నాడు. అత్తయ్య వైపు చూస్తే, సముద్రంలో దూకమన్నా ఇంతకంటే తేలిగ్గా ఒప్పుకునేదనిపించింది.

తిరిగొస్తూ కౌంటరు దగ్గర ఆగి టిప్పు మళ్లీ వేసేయమంది. పొద్దున అడగాల్సిన మాట అప్పుడు అడిగింది. “ఇది ఎవరెవరికి పోతుందమ్మా?”

“అందరికీనండీ. మీకు కనపడని వాళ్లకి కూడా. కింద గిన్నెలు కడిగేవాళ్లు, దుప్పట్లు ఉతికేవాళ్లు...”

“దుప్పట్లు ఉతికేవాళ్లకా!” అత్తయ్య కౌంటరు మీద చరిచింది. “ముందే చెప్పొద్దూ? మావాడి పేరున రెండింతలు వెయ్యి. వీడు రోజంతా దుప్పట్లోనే ఉంటాడు.”

ఆ సాయంత్రం బట్టల వ్యాపారికి దుప్పటి ఉతకడంలో ఉన్న పదకొండు మెట్లూ వివరించింది. ఏడో మెట్టు దగ్గర ఆయన చేతులెత్తేసి, తన టిప్పు తీయించుకోనని మాటిచ్చాడు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వి, “మా గదిలో ఎవరు పక్క వేసినా నేను మాత్రం కాగితం రాయనండీ,” అంది.

ఏడో రోజు ఉదయం అత్తయ్య బాల్కనీ కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఆవిడని పట్టుకోవడానికి నేను పక్కనే కింద కూర్చున్నాను. లోపల మేనేజరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు, హంసలాయన పని మొదలుపెట్టాడు. దుప్పటి దులిపిన చప్పుడు వినపడగానే అత్తయ్య భుజాలు ఎగిరాయి.

“మూల సరిగ్గా దోపాడంటావా?”

“వెనక్కి చూడకు అత్తయ్యా. సముద్రం చూడు.”

చూసింది. పల్చటి మంచు ఇంకా విడలేదు. నీళ్లెక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు, ఓడ ఆ రెండింటి మధ్యలో వేలాడుతున్నట్టుంది. మెల్లగా ఆవిడ భుజాలు దిగాయి.

“ఇక్కడే బూట్లు విప్పేవాడురా,” అంది నెమ్మదిగా.

“ఎవరు?”

“హంసలాయన. వాళ్ల గదులు అడుగున నీళ్ల కింద ఉంటాయట. కిటికీ కూడా లేదట. ఎనిమిది నెలలుగా సముద్రం మీదే ఉన్నాడు, ఒక్కరోజు కూర్చుని చూళ్లేదట. ఒక గది నేను చేస్తే అతనికి ఇరవై నిమిషాలు మిగులుతాయి కదా. బతిమాలి బతిమాలి నాలుగో రోజుకి కూర్చోబెట్టాను.”

“మరి నిన్న మేనేజరుకి చెప్పలేదేం?”

“చెబితే ప్రయాణికుల కుర్చీలో కూర్చున్నాడని అప్పటికప్పుడే పంపేయరూ!”

నా కలలోకి వచ్చిన బూట్లు ఎవరివో అప్పుడు అర్థమైంది. ఆవిడ పనులు లాక్కుంటుందని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకుని నవ్వాను. ఆ పని పోయిన మనిషి ఆ కాసేపూ ఏం చేసుకుంటాడో ఒక్కనాడూ చూడలేదు. నాకు సిగ్గేసింది, ఆవిడంటే ఎప్పుడూ లేనంత ముద్దొచ్చింది.

పని అయింది. అత్తయ్య సంతకం పెట్టింది, మేనేజరు కూడా పెట్టి, కోటు గుండీ ఒకసారి తడుముకుని వెళ్లిపోయాడు. హంసలాయన గుమ్మంలో నిలబడ్డాడు, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. “రాసేశారమ్మా. ఇంకో ఏడాది.”

“రా నాయనా, కూర్చో. మళ్లీ మేం ఉండం,” అని అత్తయ్య లేచింది.

“మీరు కూర్చోండమ్మా. ఇవాళ సముద్రం బాగుంది. నాకింకా పదిహేడు గదులున్నాయి.”

“అయితే పక్క గది నేను...”

“అమ్మా!”

అప్పుడు నేను లేచాను. నా అంతట నేను లేవడం చూసి ఇద్దరూ మాట ఆపేశారు. లోపల్నించి ఇంకో కుర్చీ తెచ్చి వేశాను. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, బండిలోంచి రెండు దుప్పట్లు తీసుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను.

పక్క వేయడం ఇంత కష్టమని ఎవరూ నాకు చెప్పలేదు. ఇటు లాగితే అటు ఊడుతుంది, అటు దోపితే ఇటు లేస్తుంది. డాక్టరమ్మ పుస్తకం మూసేసి ఆసక్తిగా చూసింది. ఇరవై నిమిషాలకి చెమటలు కక్కుతూ పూర్తిచేశాను.

“ఇది పక్కా, మూటా?” అంది.

గుమ్మంలో అలికిడైంది. అత్తయ్య, ఆవిడ వెనక బూట్లు లేకుండా మేజోళ్లతోనే హంసలాయన. ఇద్దరూ మంచం వంక చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెరో పక్కకి వెళ్లి నా ఇరవై నిమిషాలనీ ఒక్క లాగుడుతో పీకేశారు.

“ఆ మూల నువ్వు పట్టు నాయనా.”

“అలాగేనమ్మా.”

దుప్పటి గాల్లోకి లేచి, ఉబ్బి, మంచం మీదికి మెల్లగా దిగింది.

“ఒరేయ్, నువ్వెళ్లి సముద్రం చూసుకో పో,” అంది అత్తయ్య నావైపు తిరక్కుండానే.

వెళ్లి కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.