జాలరిపేట దారి కేసులో నా సాక్ష్యం

మా ముత్తాతగారు మూడు గ్రామాలకు మునసబు. తాతగారు జిల్లా బోర్డు సభ్యులు. సముద్రం వైపు ఉన్న మా పొలాల గట్ల మీద ఆయన గుర్రపు బండి తప్ప మరో బండి తిరిగేది కాదని చెప్పుకునేవారు. నాన్నగారి హయాంలో ఆ పొలాలు చేతులు మారాయి. నేను విజయవాడ కోర్టుల్లో ఆరేళ్లు ప్లీడరుగా పనిచేసి, గ్రూప్ వన్ రాసి డిప్యూటీ కలెక్టరునయ్యాను. కొన్నేళ్లకు ఆ తీరప్రాంతానికే ఆర్డీవోగా వేశారు.

చేరిన నెలలోనే జాలరిపేట అర్జీ వచ్చింది. ఒకప్పటి మా పొలం కొన్న ఆసామి రొయ్యల చెరువు తవ్వి, జాలర్లు నడిచే దారికి అడ్డంగా గట్టు వేశాడు. చుట్టు తిరిగి వస్తే చేపల గంపలు ఐసు లారీకి అందవు. ప్రజల దారికి అడ్డు తొలగించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగా ఆర్డీవోకు ఉంటుంది. కానీ అది మా కుటుంబం అమ్మిన భూమి. వేరొకరికి అప్పగించమని కలెక్టరుగారికి రాశాను. "ఎప్పుడో అమ్మేశారు కదండీ, మీరే వినేయండి" అన్నారాయన. నేను ఒప్పుకోలేదు. కేసు పక్క డివిజను ఆర్డీవో సుజాతగారికి వెళ్లింది. ఆవిడ నా దగ్గర శిక్షణ పొందిన అధికారి. ఆ భూమి పాత సంగతులు తెలిసినవాణ్ణని ఆవిడే నాకు సాక్షిగా సమన్లు పంపారు.

ఒక సాక్షి చెప్పేది మరో సాక్షి వినకూడదన్నది కోర్టు పద్ధతి. రెవెన్యూ విచారణల్లో అంత పట్టింపు ఉండదు. అందుకే జాలర్ల తరఫున వీరమ్మ నిలబడినప్పుడు నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. ఆమె నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"మేం దొంగదారిన నడవలేదండి. ఈ బాబుగారి తాతగారు దయతలిచి వదిలిన దారండి అది."

చెరువు ఆసామి ప్లీడరు వెంటనే, "ఆ మాటే రాయించండి మేడమ్" అన్నాడు. నా ఎదుట మర్యాద కోసం అన్న మాటతో ఆమె కేసు మునిగిపోతోంది. ఒకరి దయతో నడిచిన దారి హక్కు కాదు. ఆ దయ వారితోనే పోతుంది.

నా వంతు వచ్చింది. కుర్చీ వేయించబోతే వద్దని, నిలబడే చెప్పాను.

"తాతగారి పేరు నిలబెడతారా, జాలర్ల కేసు నిలబెడతారా సార్?" అని నవ్వాడు ప్లీడరు.

"జరిగింది చెబుతాను" అన్నాను.

నా చిన్నతనంలో తాతగారు ఆ దారికి ముళ్లకంచె వేయించారు. జాలర్లు పట్టపగలు, ఆయన చూస్తుండగానే కంచె పీకి పక్కన పెట్టి గంపలతో వెళ్లారు. ఆయన ఫిర్యాదు చేయలేదు, మళ్లీ కంచె వేయించనూ లేదు. ఏటా వానలకు దారి కోసుకుపోతే మట్టి పోసుకున్నదీ వాళ్లే. ఎవరి అనుమతీ అడగలేదు. అడ్డు పెట్టినా ఆగకుండా, అడగకుండా ఏళ్ల తరబడి నడిచిన దారే చట్టం ముందు హక్కుగా నిలుస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ సంగతిని ప్రమాణం చేసి రాయించాను.

బయట వీరమ్మ నన్ను నిలదీసింది.

"పెద్దయ్యగారి పరువు అలా తీసేశారేంటి బాబూ?"

"లేకపోతే మీ దారి పోయేది, వీరమ్మగారూ."

"రెండూ ఉండేలా చెప్పలేకపోయారా? ప్లీడరీ చదివి ఏం లాభమండీ?"

సుజాతగారు గట్టు తీయించారు. మా తాతగారికి వీరమ్మ ఇవ్వబోయిన గౌరవానికి నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. దాన్ని తీసుకోకుండా ఉండగలిగినందుకు విజయవాడలో నాకు ప్లీడరీ నేర్పిన సీనియరుగారికీ అంతే కృతజ్ఞుణ్ణి. అధికారి ఎదుట మనుషులు మర్యాద కోసం తమ హక్కునే వదిలేసుకుంటారని ఆ రోజు తెలిసింది. తర్వాత ఏ విచారణలోనూ దారి ఎవరిచ్చారని అడగలేదు. అడ్డు పెడితే ఏమైందని అడిగేవాణ్ణి.

రిటైరైన తర్వాత ఆ దారి పక్కనే మాకు మిగిలిన ఆఖరి స్థలం అమ్మాను. దస్తావేజులో తూర్పు సరిహద్దుగా "జాలరిపేట ప్రజల రస్తా" అని రాయించాను.