రావు అంటే నీళ్లు

మా ఇంటిపేరు రావు కాదు. ఈ బెంగాలీ నగరంలో నాన్న మున్సిపాలిటీ ఉద్యోగంలో చేరిన రోజున, ఆయన పేరు చివరనున్న ఆ రెండక్షరాలను గుమాస్తా విడదీసి పక్కనున్న ఇంటిపేరు గడిలో రాశాడు. శ్రీకాకుళం నుంచి వెంట తెచ్చుకున్న అసలు ఇంటిపేరు ఆ కాగితంలోకి ఎక్కలేదు. బళ్లో నాకూ రావే అంటగట్టారు. రాజు, రాయ, రావు ఒక్క వేరు నుంచే వచ్చాయనీ, మా పక్కింటి బెంగాలీల రాయ్ కూడా దానికి తోబుట్టువేననీ కాలేజీలో తెలుసుకుని ఇంటికొచ్చి చెప్పాను. నాన్న తన బురదకాళ్లు చూసుకుని, "అయితే మరేటి, రాజునే" అన్నాడు.

నాన్న వాట్‌గంజ్ సందుల్లో నీళ్లు వదిలేవాడు. రోడ్డు మీది ఇనుపమూత ఎత్తి, నడుమెత్తు కడ్డీ లోపలికి దింపి తిప్పితే వీధి కుళాయిలన్నీ పారేవి. ఆయన సైకిల్ కనబడగానే ఎవరో ఒకరు "రావ్ ఎషే గేఛే!" అని కేకేసేవారు. రావు వచ్చేశాడని. బకెట్లు గుమ్మం దాటేవి.

నాన్న రిటైరయ్యాక ఖిదిర్‌పూర్‌కు మారాం. చాలా ఏళ్ల తర్వాత, పోయిన చలికాలంలో, వాట్‌గంజ్‌లో మా పాత సందులోని దర్జీ దగ్గరికి జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్లాను. కొలతలిస్తుంటే అదే కేక వినబడింది. నాన్న ఇంట్లో పేపరు చూస్తూ కూర్చున్నాడు కదా!

బయటికి పరుగెత్తాను. ముప్పై నిండని ఒకతను మూత ఎత్తుతున్నాడు.

"దాదా, మీ పేరు రావా?" అని బెంగాలీలో అడిగాను.

"కాదు దీదీ. ఇక్కడ నీళ్లు వదిలేవాణ్ణి రావ్ అంటారు. నా ముందాయన్నీ అలాగే పిలిచేవారు. పని పేరు."

"అది ఒక మనిషి పేరు."

"అవునా? ఏదో ఇంగ్లీషు మాట అనుకున్నాను."

ఇంటికెళ్లి ఉక్రోషంతో చెప్పాను: "నిన్ను మరిచిపోయి నీ పేరు మాత్రం వాడుకుంటున్నారు నాన్నా!"

ఆయన ధ్యాస అక్కడ లేదు. "మలుపుకాడ రెండో మూతకింది వాల్వు తిప్పుతున్నాడా? అది బిగుసుకుపోద్ది. ఆడికెవులూ సెప్పుండరు. రేపు నన్నట్టుకెల్లు."

మర్నాడు తీసుకెళ్లాను. మలుపు దగ్గర అతను నిజంగానే కడ్డీతో కుస్తీ పడుతున్నాడు. ఈయనే మొదటి రావు అని చెప్పగానే వంగి నాన్న కాళ్లకు దండం పెట్టి, కడ్డీ చేతికిచ్చాడు. నాన్న మొదట వెనక్కి పావు చుట్టు తిప్పాడు, ఆగాడు, అప్పుడు ముందుకు తిప్పాడు. భూమి లోపల గుడగుడమంది. కుళాయి దగ్గరున్న ఆవిడ మమ్మల్ని చూసి నవ్వి, మేడ మీద వాళ్లకు వినబడేలా అరిచింది: "ఆజ్ దుటో రావ్!" ఇవాళ ఇద్దరు రావులని.

వీళ్లలో అసలు రావు ఎవరో ఆవిడకు చెబుదామని నోరు తెరిచాను. రొప్పుతూనే నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోయే. ఇద్దరమూ రావులమే కదా."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అరచేతులు రుద్దుకుంటూ అన్నాడు: "కుర్రోడి సేతిలో బలముంది. నేర్సుకుంటాడు."

నేను తల ఊపాను. ఆ రోజు నాన్న అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.