చేపల పులుసుకి బలైన అత్తరు

విజయవాడ చలికి చొక్కా ఒక్కటే చాలదు, స్వెట్టరు వేస్తే ఉక్కపోత. అందుకే ఏటా డిసెంబరులో నేను ఒంటికి వెచ్చదనమిచ్చే అత్తరు కొంటాను.

ఈ రోజు పొద్దున వన్‌టౌన్‌లో మస్తాన్ గారి కొట్టుకి వెళితే రెండు సీసాలు తీశారు. రెండూ చలికాలంలో రాసుకునే అంబరు అత్తర్లే, ఒకదానిలో గంధపు చెక్క వాసన, రెండోదానిలో దేవదారు. గంధం ఎడమ మణికట్టుకి, దేవదారు కుడి మణికట్టుకి రాసి, "ఇప్పుడే తేల్చొద్దండీ, సాయంత్రం దాకా ఉంచుకుని రండి" అన్నారు.

సాయంత్రానికి గంధం ఇంకా వెచ్చగా గుబాళిస్తోంది. దేవదారు జాడే లేదు. మళ్ళీ కొట్టుకి వెళ్ళి, "గంధందే ఇచ్చెయ్యండి" అన్నాను.

ఆయన సీసా తియ్యలేదు. "మధ్యాహ్నం ఏం తిన్నారండీ?"

"చేపల పులుసు."

"చెయ్యి సబ్బుతో కడిగారా?"

"రెండుసార్లు."

"మరి దేవదారు తప్పేముందండీ? రేపు రండి, రెండూ ఎడమ చేతికే రాస్తాను."

కుదిరిన బేరం వదులుకుని నన్ను ఉత్త చేతులతో పంపించేశారు. ఇన్నేళ్ళలో నేను పక్కనపెట్టిన అత్తర్లలో నిజంగా నచ్చనివెన్నో, పులుసుకి బలైనవెన్నో! మీరూ కుడి చేతికే రాయించుకుంటున్నారా?