గడప దాటని స్కానింగ్ మిషన్

పొద్దున వచ్చిన కోపం ఇంకా దిగలేదప్పా. నేను అనంతపురంలో క్యాన్సర్ వార్డు నర్సుని. బెళుగుప్ప నుంచి వచ్చిన ఓబులమ్మవ్వకు అరవై ఎనిమిదేండ్లు. కీమో సూదులకు చేతి నరాలన్నీ గట్టిపడిపోయినాయి, ఇంక మెడకాడ పెద్ద నరంలోకే గొట్టం వేయాల. పోయిన తూరి అంచనా మీద పొడిస్తే మూడుసార్లు తప్పింది. అందుకే మా డాక్టరమ్మ, "ఈసారి స్కానింగులో నరం చూసుకుంటానే వేస్తా, మిషన్ తెప్పించు" అనింది.

పోయి అడిగినా. స్కానింగ్ గది చూసుకునే అన్న కుర్చీలోంచి లేయనే లేదు.

"మిషన్ గడప దాటకూడదమ్మా. బయటికిస్తే కడుపులో ఉండేది ఆడో మగో చూస్తారని రూలు. పేషెంటునే ఈడికి తీసుకురా."

"అన్నా, అవ్వకు అరవై ఎనిమిది!"

"రూలుకు వయసు లేదమ్మా."

ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా పెట్టిన చట్టం మంచిదే, కాదనను. వార్డులో మిషన్ వాడేదానికి కూడా పర్మిషన్ తెచ్చుకోవచ్చు, అడిగే తీరిక ఎవరికీ లేదు. మిషన్‌కు నాలుగు చక్రాలుండాయి, అవ్వకే కూర్చునే ఓపిక లేదు. ఎండలో స్ట్రెచర్ తోసుకుంటా పోతే, ఆయన గర్భిణుల ఫారం చేతిలో పెట్టి, "ఎన్నో నెల అనేకాడ గీత కొట్టు" అన్నాడు.

డాక్టరమ్మ ఆడికే వచ్చి చూస్తే, తెర మీద నరం నల్లగా కనపడింది. ఒక్క పోటుకే గొట్టం పడింది. అవ్వ మెడ కదిలించకుండానే అడిగింది:

"ఇంత సులువైతే, పోయిన తూరి మూడుసార్లు ఎందుకు పొడిస్తిరి తల్లీ?"

 దీనికి జవాబు మీకెవరికైనా తెలిస్తే కింద రాయండి, రేపు డ్యూటీకి పోయినప్పుడు అవ్వకు చెప్తా.