గుమ్మం ముందు మడుగు

మా పక్క వాటాలో ఉండే టైలర్ బాబాయ్ లెక్కలో లోకంలో జరిగే ప్రతి తప్పూ తనదే. కరెంటు పోతే "నా ఇస్త్రీపెట్టె వల్లేనండీ" అంటాడు. ఎవరైనా కాలు తొక్కితే "నేనే అడ్డంగా పెట్టాను, మీ కాలికేం కాలేదు కదా?" అని తొక్కినవాణ్ణే పరామర్శిస్తాడు.

మా ఆవిడ పోయాక నేను తలుపు తీయడం మానేశాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు కొట్టీ కొట్టీ విసిగి రావడం మానుకున్నారు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. డ్రిల్లు మాస్టారుగా మైదానమంతా వినిపించిన నా గొంతు, వాడక తుప్పు పట్టింది.

ఆ రోజుల్లో బాబాయ్ ఓ కుక్కపిల్లని తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నా గుమ్మం ముందు మడుగు, అందులో నా పాల పాకెట్టు. ఒళ్ళు మండి కేకేశాను.

"తప్పు నాదేనండీ మాస్టారూ. నీళ్ళు నేనే ఒలకబోశాను."

"కుక్క చేసింది కూడా నెత్తినేసుకుంటావా బాబాయ్?"

"పసిది, దానికేం తెలుసండీ!"

ఆ మర్నాడూ అదే మడుగు, అదే మాట. "ఇక చాలు! ఇలా తే దాన్ని," అన్నాను.

పెట్టెలోంచి ఈల తీసి ఊదాను. కుక్కపిల్ల వచ్చిన పని మర్చిపోయి అటెన్షన్‌లో నిలబడింది. ఈల జేబులో పడేసి, అది నిద్ర లేవగానే, తినగానే దాన్ని గేటు పక్క గడ్డిలోకి తీసుకెళ్ళసాగాను. పని కాగానే "శభాష్!" అని అరిచేవాణ్ణి. బడిలో ఏ పిల్లాడికీ అన్ని శభాష్‌లు దక్కలేదు. "ఇవాళ పాసయిందా మాస్టారూ?" అని ఎదురింటి నర్సమ్మ నవ్వేది. ఇంటికొచ్చి తలుపేసుకుంటే మాత్రం మళ్ళీ ఆ గది, ఆ రేడియో.

కుక్కపిల్ల నేర్చుకుంది. అవసరమైతే తలుపు గీకి కుయ్యిమనేది. అయినా నా గుమ్మం ఆరలేదు.

ఓ రోజు ముందే మెలకువ వచ్చి తలుపు తీశాను. కుక్కపిల్ల గడ్డిలో బుద్ధిగా తన పని చేసుకుంటోంది. బాబాయ్ నా గుమ్మం ముందు వంగి, ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ళ చెంబు వంపుతున్నాడు. మడుగుకి వాసనే లేదన్న సంగతి ఇన్నాళ్ళూ నా ముక్కుకి తట్టలేదు.

"ఏంటిది బాబాయ్?"

"మొదటిరోజే చెప్పాను కదండీ, నేనే ఒలకబోశానని."

"ఎందుకూ?"

"కొడితే తలుపు తీయడం లేదు కదండీ మరి!" చెంబు వెనక్కి దాచుకుంటూ, "తప్పు నాదేనండీ," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ గుమ్మంలో నిలబడి నవ్వి ఎన్నాళ్ళయిందో!

మర్నాడు నా గుమ్మం పొడిగా ఉంది. చూస్తే దిగులేసింది. చెంబెడు నీళ్ళు పట్టుకెళ్ళి బాబాయ్ గుమ్మం ముందు పోసి, తలుపు కొట్టాను. ఆయన బయటికొచ్చి, మడుగు చూసి, "అయ్యో, తప్పు..." అని మొదలుపెట్టాడు.

"ఆగు బాబాయ్," అన్నాను. "ఈ ఒక్కటీ నాది."