సలోమి పిడికిలి

నౌపడలో దొరల ఉప్పు మళ్లలో పనిచేసే సలోమికి పైకి ప్రార్థించడం రాదు. మందిరంలో అందరూ గొంతెత్తితే ఆమె దవడలు బిగించి, ఉప్పునీటికి పగిలిన పాదాలను చూసుకుంటూ కూర్చుంటుంది. ఆమె ప్రార్థనంతా పొద్దున్నే పొయ్యి దగ్గర. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి వాటాగా ఒక పిడికెడు తీసి, పక్కనున్న వేరే కుండ మీద పట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడిపోతుంది. అప్పుడు కోడలు పిలిచినా పలకదు. పిడికిలి విప్పాకే ఆమెకు లోకం. అలా ఇంటింటా దాచిన బియ్యాన్ని ఆదివారం మందిరంలో గంపలో పోస్తారు. సంఘంలో పొయ్యి వెలగని ఇళ్లకు అవే ఆధారం.

ఆ ఆదివారం, ఊరు ఊడ్చే రెల్లి వాళ్ల వీధి నుంచి కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న గురమ్మ కూడా కొంగున బియ్యం కట్టుకొచ్చింది. సంఘపెద్ద యాకోబు గంపకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“నీది ఆ గుమ్మం కాడ పిడతలో ఎయ్యి. ఇవి అందరూ తినీ బియ్యం.”

గురమ్మ తల వంచుకుని పిడతలో వేసింది. అంతసేపూ దేవుణ్ణి పిలిచిన గొంతుల్లో ఒక్కటీ పెగల్లేదు.

సలోమి లేచింది. పిడత తెచ్చి గంపలో బోర్లించింది. మోచేతుల దాకా చేతులు ముంచి అడుగు నుంచి కలిపేసింది.

“ఏటే, ఏటి సేత్తన్నావు?” యాకోబు అరిచాడు.

“కలిపేసినాను మావా. మైలంటావా, కూకోని ఏ గింజ ఎవులిదో ఏరు. ఏరడం అయ్యీదాకా ఆమేన్ అనకు.”